జైలు గేటు బయట ఎవరు నిలబడాలి?

(శిక్ష ముగించుకుని బయటికి వచ్చే స్త్రీల గురించి జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జైళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా లోపలి పరిస్థితుల గురించే మాట్లాడుతుంటాం. తిండి, నీళ్ళు, వైద్యం, ములాఖత్‌లు, లాయర్ల అలసత్వం - ఇవన్నీ మాట్లాడవలసినవే. కానీ జైలు నుంచి బయటికి వచ్చిన స్త్రీ గురించి మనం చాలా తక్కువగా ఆలోచించాం. ఆమె బయటికి వచ్చిందంటే సమస్య తీరినట్టే అనుకుంటాం. నిజానికి ఆమె కష్టాల్లో రెండో భాగం అక్కడే మొదలవుతుంది. ఆ రెండో భాగంలో ఆమె పక్కన ఎవరుండాలి అన్నదే నా విషయం.

ముందు కొన్ని అంకెలు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో ఉన్నవాళ్ళు సుమారు 5 లక్షల 73 వేల మంది. అందులో స్త్రీలు 24 వేలకు కాస్త తక్కువ. అంటే నూటికి నలుగురు. మొత్తం ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. స్త్రీల సంఖ్య తక్కువ కావడం వల్ల వాళ్ళకు మేలు జరగలేదు. చంచల్‌గూడ, రాజమండ్రి లాంటి కొద్ది చోట్లే మహిళా జైళ్ళు ఉన్నాయి. ఎక్కడో మారుమూల మండలంలో అరెస్టయిన మనిషి వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కూలి మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని చూడడానికి ఎవరు వస్తారు? మగవాడు జైలుకు వెళితే భార్య టిఫిన్ క్యారియర్ పట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది. భార్య జైలుకు వెళితే భర్త ఇంకో పెళ్ళి ఆలోచనలో ఉంటాడు. ఇది అందరి విషయంలో నిజం కాకపోవచ్చు, కానీ జైళ్ళకు వెళ్ళివచ్చే మన కార్యకర్తలకు ఇది కొత్త సంగతి కాదు.

ఇక విడుదల రోజు. సాయంత్రం కాగితాలు వస్తాయి. చేతిలో ఒక సంచి, లోపల పని చేసి సంపాదించిన నాలుగు డబ్బులు. పుట్టింటికి వెళితే చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందంటారు. అత్తవారింటికి వెళ్ళే దారే లేదు. రేషన్ కార్డులో పేరు తీసేసి ఉంటారు. పిల్లలు ఏ హాస్టల్లో ఉన్నారో తెలియదు. అద్దె ఇల్లు అడిగితే ఇంతకు ముందు ఎక్కడున్నావని అడుగుతారు. ఆ ఊళ్ళో ఏ దొంగతనం జరిగినా మొదట ఆమెనే స్టేషన్‌కు పిలుస్తారు. ఇలాంటి సమయంలో ఆమెను పలకరించే మొదటి మనిషి ఎవరు? చాలాసార్లు ఆ మనిషి ఆమె చేత పాత పని చేయించినవాడే. గుడుంబా కాయించినవాడు, గంజాయి మూటలు మోయించినవాడు, లేకపోతే ఆమెను అమ్మినవాడు. వాడికి ఆమె విడుదల తేదీ తెలుసు. మనకు తెలియదు.

అతనికన్నా ముందు ఆమె దగ్గరికి చేరవలసిన మనిషి ఎవరు? ఆఫీసరా, సోషల్ వర్కరా, లాయరా? వీళ్ళందరి అవసరమూ ఉంది. కానీ వీళ్ళకన్నా ముందు, అదే గేటులోంచి ఒకప్పుడు అదే సంచితో బయటికి వచ్చి, ఇవాళ తన కాళ్ళ మీద తాను నిలబడిన ఇంకో స్త్రీ ఉండాలని నేను అంటున్నాను. ఆమెను తోడు కార్యకర్త అని పిలుద్దాం. ఇంగ్లీషులో పీర్ మెంటర్ అంటున్నారు. పేరు ఏదైనా పని ఒకటే.

ఇది కొత్త ఆలోచన కాదు. మన దేశంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1960లో వినోబా భావే చంబల్ లోయలో పాదయాత్ర చేసినప్పుడు లొంగిపోయిన బందిపోట్లలో లోక్‌మన్ దీక్షిత్ ఒకడు. లుక్కా అని పిలిచేవారు. పేరుమోసిన మాన్‌సింగ్ కొడుకు తహసీల్దార్ సింగ్ అప్పటికే ఉరిశిక్ష పడి జైల్లో ఉన్నాడు. ఆ శిక్ష తర్వాత యావజ్జీవంగా మారింది. వీళ్ళిద్దరూ బయటికి వచ్చాక శాంతి కార్యకర్తలయ్యారు. 1971లో మాధోసింగ్ మారుపేరుతో పాట్నా వెళ్ళి, తాము లొంగిపోతామని జయప్రకాశ్ నారాయణ్‌కు చెప్పుకున్నాడు. అప్పుడు జేపీ లోయలోకి పంపిన దూతల్లో ఈ ఇద్దరూ ఉన్నారు. పోలీసు మాట, మంత్రి మాట నమ్మని ముఠాలు వీళ్ళ మాట నమ్మాయి. ఎందుకంటే తుపాకీ వదిలేశాక కూడా బతకవచ్చని చెప్పడానికి వాళ్ళు బతికి ఉన్న సాక్ష్యం. 1972 ఏప్రిల్‌లో జౌరాలో గాంధీ చిత్రపటం ముందు ఆయుధాలు పెట్టడం అలా సాధ్యమైంది.

అయితే స్త్రీల దృష్టి నుంచి చూస్తే ఇందులో ఒక సంగతి ఉంది. ఆ లొంగుబాటుకు ప్రభుత్వం హామీలు ఇచ్చింది. ఉరిశిక్ష ఉండదంది, బహిరంగ జైలు పెట్టింది, పునరావాసం గురించి మాట్లాడింది. దేశమంతా చూసింది. కల్లు దుకాణం పక్కన గుడుంబా ప్యాకెట్లు అమ్మి జైలుకు వెళ్ళిన ఆడమనిషికి వేదిక మీద పెట్టడానికి తుపాకీ లేదు. ఆమెతో ఒప్పందం చేసుకోవాలని ఎవరికీ అనిపించదు. ఆమె వల్ల ప్రభుత్వానికి భయం లేదు కాబట్టి ఆమెకు హామీ కూడా లేదు.

రెండో ఉదాహరణ మన ఆంధ్ర గడ్డ మీదిదే, స్టువర్టుపురం. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి వర్తించింది. ఆ తర్వాత బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలను ఒక చోట చేర్చి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి ఈ సెటిల్‌మెంటు పెట్టారు. పుట్టిన బిడ్డకు కూడా నేరస్థ ముద్ర వేసిన చట్టం అది. మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ అది రద్దయింది. కానీ అలవాటుపడ్డ నేరస్థుల చట్టాల రూపంలో, పోలీసు స్టేషన్ రికార్డుల రూపంలో అది మిగిలే ఉంది. 1970లలో లవణం, హేమలతా లవణం దంపతులు అక్కడ సంస్కరణ పని మొదలుపెట్టారు. ఆయన గోరా కుమారుడు, వినోబా ఆంధ్ర పర్యటనలో ప్రసంగాలను తెలుగు చేసినవాడు. ఆమె జాషువా కుమార్తె. నెల్లూరు జిల్లా కప్పరాళ్ళతిప్పలోనూ వాళ్ళు పనిచేశారు.

అక్కడి అనుభవం నుంచి నేను తీసుకునే పాఠం ఇది. నేరం మానుకోవడం ఒక్క మనిషి గుండెలో జరిగే మార్పు మాత్రమే కాదు. పిల్లలకు బడి, పెద్దలకు పని, ఊళ్ళో పేరు, స్టేషన్‌లో మర్యాద - ఇవి లేకుండా మనిషిని మారమనడం అన్యాయం. నేరం చేసినవాడు నేరం వదిలేసినా, నేరస్థుడనే మాటను లోకం వదలకపోతే ఏం లాభం? జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పని అప్పగించే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న తీర్పు చెప్పింది. 1952 తర్వాత 72 ఏళ్ళకు కూడా ఆ మాట చెప్పవలసి వచ్చిందంటే ఆ ముద్ర ఎంత లోతుగా పడిందో చూడండి.

ఇక స్త్రీలు తమంత తాము చేసిన ప్రయత్నాలు. ఇంగ్లండ్‌లో క్రిస్ చైకోవ్‌స్కీ అనే ఆమె హాలోవే మహిళా జైల్లో శిక్ష అనుభవించి బయటికి వచ్చింది. 1983లో నేరశాస్త్ర అధ్యాపకురాలు పాట్ కార్లెన్‌తో కలిసి విమెన్ ఇన్ ప్రిజన్ అనే సంస్థ పెట్టింది. జైల్లో ఉన్న స్త్రీల గురించి జైల్లో ఉన్న స్త్రీయే మాట్లాడాలన్నది ఆ సంస్థ పుట్టుకలోనే ఉంది. ఆ దేశంలోనే సెయింట్ గైల్స్ ట్రస్ట్ అనే మరో సంస్థ ఖైదీలకే సలహాదారుల శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చి, తోటి ఖైదీల ఇల్లు, అప్పు, పని సమస్యలు చూసే బాధ్యత అప్పగిస్తోంది.

అమెరికాలో సూసన్ బర్టన్ కథ మనలో కొందరికి తెలిసి ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌లో ఒక పోలీసు నడుపుతున్న కారు కింద పడి ఆమె అయిదేళ్ళ కొడుకు చనిపోయాడు. ఆ దుఃఖంలో మత్తుమందుకు బానిసైంది. ఏళ్ళ తరబడి జైలుకు వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. చివరికి చికిత్స దొరికి కోలుకున్నాక, 1998లో తన ఇంటినే తనలాంటి ఆడవాళ్ళకు ఆశ్రయంగా మార్చింది. జైలు నుంచి వచ్చే బస్సు దగ్గర నిలబడి, దిగిన స్త్రీలను దళారులు ఎత్తుకుపోకముందే ఇంటికి తీసుకువెళ్ళేది. నల్లజాతి పేద స్త్రీకి చికిత్స బదులు జైలు ఎందుకు దొరుకుతుందన్న ప్రశ్నను కూడా ఆమె వదల్లేదు. తోడు పని, హక్కుల పని రెండూ ఒకటేనని ఆమె చేతలు చెబుతాయి.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుంది? ఊరికే సానుభూతి వల్ల కాదు. డొనాల్డ్ క్రెస్సీ 1955లోనే ఒక మాట చెప్పాడు. ఒక నేరస్థుడిని మార్చే ప్రయత్నంలో ఇంకో నేరస్థుడిని పెడితే, మొదట మారేది ఆ ప్రయత్నం చేసేవాడేనని. 1965లో ఫ్రాంక్ రీస్‌మన్, సాయం పొందేవారికన్నా సాయం చేసేవారే ఎక్కువ బాగుపడతారని రాశాడు. షాడ్ మరూనా లివర్‌పూల్‌లో నేరం మానేసినవాళ్ళతోనూ, మానలేనివాళ్ళతోనూ మాట్లాడి 2001లో ఒక పుస్తకం తెచ్చాడు. మానేసినవాళ్ళలో చాలామంది తమ చెడ్డ గతాన్ని ఇంకొకరికి పనికివచ్చే అనుభవంగా మార్చుకోవాలనుకున్నారు.  కానీ మనకు ఈ సూత్రం పుస్తకాల నుంచి నేర్చుకోవలసిన అవసరం లేదు. మన జిల్లాల్లో పొదుపు సంఘాలను ఊరూరా నిలబెట్టింది ఎవరు? సంఘంలో అప్పు తీసుకుని, తీర్చి, బాగుపడ్డ ఆడవాళ్ళే. సీఆర్పీల పేరుతో పక్క జిల్లాలకు, తర్వాత బీహార్ దాకా వెళ్ళి, భాష రాకపోయినా సంఘాలు పెట్టించి వచ్చారు. ఎయిడ్స్ నివారణ పనిలో సెక్స్‌వర్కర్లే పీర్ ఎడ్యుకేటర్లుగా ఎంత పని చేశారో మీకు తెలుసు. మరి జైలు విషయానికి వచ్చేసరికి మనకెందుకు సంకోచం?

సంకోచాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, ఇద్దరు నేరస్థులు కలిస్తే మళ్ళీ నేరమే చేస్తారన్న భయం. ఇది పోలీసుల భయం మాత్రమే కాదు. అమెరికాలో పెరోల్ మీద వచ్చినవాళ్ళు మరో మాజీ ఖైదీని కలవకూడదని నిబంధనలే ఉండేవి. మన జైళ్ళలో కూడా మాజీ ఖైదీ ములాఖత్‌కు వస్తే అనుమానంగా చూస్తారు. కానీ ఆ స్త్రీ ఒంటరిగా వదిలేసినా ఎవరో ఒకరిని కలవక తప్పదు. ఎవరిని కలవాలన్నదే మన చేతుల్లో ఉన్న సంగతి.

రెండోది ఇంకా కష్టమైనది. జైళ్ళలో ఉన్న స్త్రీలలో కొందరు మనం పెట్టించిన కేసుల్లోనే ఉన్నారు. కట్నం చావు కేసులో శిక్షపడ్డ అత్త ఉంది, ఆడపడుచు ఉంది. ఆ చనిపోయిన అమ్మాయి తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని మనం ధర్నాలు చేశాం. ఇప్పుడు ఆ అత్తకు తోడు వెతకమంటే మనసు ఒప్పుతుందా? నా సమాధానం ఇది. ఆమె చేసినదాన్ని మరిచిపొమ్మని ఎవరూ అనడం లేదు. కోర్టు శిక్ష వేసింది, ఆమె అనుభవించింది. శిక్ష ముగిశాక కూడా ఆకలి, నిలువ నీడ లేకపోవడం శిక్షలో భాగమని ఏ చట్టంలోనూ లేదు. హక్కులు మంచి ఆడవాళ్ళకే అంటే అవి హక్కులు కావు, బహుమతులు. అయితే బాధితురాలి కుటుంబానికి అండగా ఉన్న కార్యకర్తనే ఈ పనిలో పెట్టకూడదు. రెండు పనులూ వేరువేరు మనుషులు చేయాలి. బాధితురాలి కుటుంబం ఇష్టం లేకుండా రాజీ మాట ఎత్తకూడదు.

మూడోది, సంస్థ పేరు పోతుందన్న భయం. ఆఫీసులో డబ్బు పోతే? దాతలు అడిగితే? ఈ ప్రశ్నలు మనం బయటికి అనం గాని లోపల అనుకుంటాం. మాజీ ఖైదీకి పని ఇమ్మని ఫ్యాక్టరీ యజమానులను అడుగుతాం, మన ఆఫీసులో మాత్రం తాళంచెవి ఇవ్వం. తెలంగాణ జైళ్ళ శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో ఖైదీలు, విడుదలైనవాళ్ళు రోజూ డబ్బు లెక్కపెడుతున్నారు. ఒక ప్రభుత్వ శాఖ చేయగలిగింది మనం చేయలేమా?

దీన్ని గొప్ప మందుగా చెప్పి మిమ్మల్ని మోసం చేయను. బ్రిటిష్ హోం శాఖ కోసం 2007లో జాలిఫ్, ఫారింగ్టన్ 18 అధ్యయనాలను పరిశీలించారు. మెంటరింగ్ వల్ల తిరిగి నేరం చేయడం 4 నుంచి 11 శాతం దాకా తగ్గిందని తేల్చారు. పకడ్బందీగా చేసిన అధ్యయనాల్లో ఆ ఫలితం అంత గట్టిగా కనిపించలేదు కూడా. వారానికి ఒక్కసారైనా కలిసిన చోట, కలిసినప్పుడు ఎక్కువసేపు గడిపిన చోట, పని, చికిత్స లాంటి ఇతర సహాయాలతో కలిపి చేసిన చోట ఫలితం బాగుంది. తోడు ఆగిపోతే లాభం కూడా ఆగిపోయింది. అంటే నెలకోసారి ఫోన్ చేసి రిజిస్టర్‌లో రాసుకుంటే చాలదు. తోడు మనిషి ఇంటికి, పనికి, వైద్యానికి బదులు కాదు. వాటి దాకా చేయి పట్టుకుని నడిపించే మనిషి మాత్రమే.

ఇక ఆచరణ.

పని విడుదలకు కొన్ని నెలల ముందే మొదలవ్వాలి. జైలు లోపలికి వెళ్ళే దారి మనకు ఉంది. జాతీయ న్యాయ సేవల సంస్థ పథకం ప్రకారం మంచి ప్రవర్తన గల, దీర్ఘకాల శిక్ష పడిన ఖైదీలు కూడా పారాలీగల్ వాలంటీర్లు కావచ్చు. అంటే లోపల ఉండగానే ఒక స్త్రీ తోటివాళ్ళకు తోడుగా తయారుకావచ్చు. 1987 చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకూ, కస్టడీలో ఉన్నవాళ్ళకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. ఈ సంగతి లాయరు చెబితే వినే వినికిడి వేరు, పక్క పరుపు మీద పడుకునే మనిషి చెబితే వినే వినికిడి వేరు.

బెయిలు వచ్చినా జామీను లేక లోపలే ఉన్నవాళ్ళ జాబితా తోడు కార్యకర్త దగ్గర ఉండాలి. పేదవాడిని భారీ జామీను అడగడం తప్పని మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ 1978లోనే చెప్పారు. 2023లో కేంద్రం తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకంలో బెయిలు కోసం 40 వేల రూపాయల దాకా, జరిమానా కట్టడానికి 25 వేల దాకా సాయం చేసే వీలు పెట్టారు. జిల్లా కమిటీ ముందుకు దరఖాస్తు కదలాలంటే ఒక మనిషి వెంటపడాలి.

పిల్లల సంగతి మొదటి వారంలోనే చూడాలి. ఆరేళ్ళ లోపు పిల్లలు జైల్లో తల్లి దగ్గర ఉండవచ్చని, వాళ్ళు ఖైదీలు కారని ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఆరేళ్ళు నిండగానే బిడ్డ హాస్టల్‌కో, బంధువుల ఇంటికో వెళుతుంది. తల్లి బయటికి వచ్చేసరికి బిడ్డకు తల్లి ముఖం కొత్త. ఆ మొదటి కలయికలో తల్లి పడే బాధ ఇంకో తల్లికి తెలుసు. బిడ్డ దగ్గరికి రాకపోతే కంగారుపడవద్దని, మళ్ళీ వారం వెళదామని చెప్పడానికి చదువు అక్కర్లేదు.

తోడు కార్యకర్త ఏం చేయకూడదో కూడా రాసిపెట్టుకోవాలి. ఆమె జామీనుదారు కాదు. పోలీసులకు సమాచారం ఇచ్చే మనిషి కాదు. ఈ ఒక్క విషయంలో మెతకగా ఉంటే పని మొత్తం పోతుంది, ఎవరూ ఆమె ముందు నోరు విప్పరు. విన్నమాట బయట పెట్టకూడదు. ప్రాణాపాయం, పిల్లలకు హాని ఉన్నప్పుడు మాత్రం సంస్థకు చెప్పాలి, ఆ సంగతి మొదటి రోజే అవతలి స్త్రీకి చెప్పాలి. డబ్బు అప్పు ఇవ్వకూడదు, తీసుకోకూడదు.

ఆమెకు జీతం ఇవ్వాలి. సేవ అంటూ, అనుభవం అంటూ పేద స్త్రీ చేత ఉచితంగా పని చేయించడం మనం ఇళ్ళలో ప్రశ్నించిన దోపిడీయే. ప్రాజెక్టులో కోఆర్డినేటర్‌కు జీతం, తోడు కార్యకర్తకు బస్సు ఛార్జీలు - ఈ పద్ధతి వద్దు. ఆమెను ప్రతి సమావేశంలో నిలబెట్టి గతం చెప్పించి చప్పట్లు కొట్టించడం కూడా వద్దు. తన కథ ఎప్పుడు, ఎవరికి, ఎంత చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఆమెదే. ఆమెకూ అలసట ఉంటుంది. ఇంకొకరి ఏడుపు వింటే తన పాత రోజులు తిరగబెడతాయి. అందుకే జంటగా పనిచేయించాలి, వారానికొకసారి ఆమె మాట వినే మనిషి ఉండాలి. ఆమె తోడున్న స్త్రీ మళ్ళీ జైలుకు వెళితే అది ఈమె ఓటమి కాదు. మళ్ళీ ములాఖత్‌కు వెళ్ళడమే అప్పుడు చేయవలసిన పని.

ప్రభుత్వం బాధ్యతను మన భుజాల మీదికి ఎత్తుకుంటున్నామా అన్న అనుమానం మీకు రావచ్చు. రావాలి కూడా. విడుదలయ్యే స్త్రీలకు బయట అవసరమైన సహాయం ప్రభుత్వాలు ఏర్పాటు చేయాలని 2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు చెబుతున్నాయి. మన దేశంలో స్త్రీ ఖైదీల మీద కృష్ణయ్యర్ కమిటీ 1987లోనే నివేదిక ఇచ్చింది. కుటుంబ ఆసరా లేకుండా విడుదలైన స్త్రీలకు స్వధార్ గృహాల్లో చోటివ్వాలన్నది ఆ పథకంలో ఉన్నదే. ఇప్పుడు వాటిని శక్తి సదన్‌లు అంటున్నారు. మీ జిల్లాలో ఉన్న సదన్ జైలు నుంచి వచ్చిన స్త్రీని చేర్చుకుంటోందా, ఏదో సాకు చెప్పి పంపేస్తోందా? ఒకరిద్దరిని తోడుగా తీసుకువెళ్ళి చూస్తేగాని తెలియదు. తోడు పని చేసేవాళ్ళ దగ్గరే ప్రభుత్వాన్ని నిలదీయడానికి కావలసిన వివరాలు పోగవుతాయి.

ఈ సమావేశం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, ఇక్కడున్న ప్రతి సంస్థా తన జిల్లా న్యాయ సేవల సంస్థ ద్వారా రాబోయే ఆరు నెలల్లో విడుదల కానున్న స్త్రీలను కలిసే అనుమతి కోరాలి. రెండు, ప్రతి సంస్థా వచ్చే బడ్జెట్‌లో జైలు అనుభవం ఉన్న ఇద్దరు స్త్రీలకు పూర్తి జీతంతో ఉద్యోగం చూపాలి. మూడు, విడుదలైన స్త్రీలను కారణం లేకుండా స్టేషన్‌కు పిలిపించడం మీద వివరాలు సేకరించి, రెండు రాష్ట్రాల మానవ హక్కుల కమిషన్లకు ఇవ్వాలి. ఈ మూడింటి మీద మధ్యాహ్నం చర్చ పెట్టుకుందాం. ఆ చర్చలో ముందుగా మాట్లాడే అవకాశం, జైలు నుంచి వచ్చి ఇవాళ మన మధ్య కూర్చున్న అక్కచెల్లెళ్ళకు, వాళ్ళు మాట్లాడాలనుకుంటే, ఇవ్వాలని అధ్యక్షురాలిని కోరుతున్నాను.